కోపానికి మార్కులు

గోడకు అంటించిన కాగితం ముందు నిలబడి చిటపట తన కోపాన్ని చూసుకుంది. ఎర్రటి కడ్డీలా నిలువుగా, పక్కవాళ్ల కడ్డీలన్నిటికన్నా తలెత్తుకుని ఉంది అది. కింద ఆమె పేరు. పేరు పక్కన తీర్పు: "జంట పనికి తగదు. మురికి గదికి బదిలీ."

"ఎవడు కొలిచాడు దీన్ని?" అంది, కాగితాన్నే నిలదీస్తున్నట్టు.

"నేనే," అంది వెనకనుంచి మొండి. "నీ ప్రశ్నల కాగితం నింపింది నేనే కదా."

చిటపట వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

ఇదంతా ఓ పెద్ద ఆసుపత్రి నేలమాళిగలో ఉన్న లాండ్రీ సంగతి. దానికి నడుమ ఒక గోడ. గోడకు ఇటు మురికి, అటు శుభ్రం. వాషింగ్ మెషీన్లను ఆ గోడలోనే బిగించారు. ఒక్కోదానికి రెండు గుండ్రటి అద్దాల తలుపులు. వార్డుల మైలంతా ఇటు తలుపులో పోస్తారు, శుభ్రమయ్యాక అటు తలుపులోంచి లాగుతారు. బట్టలకున్న ఆ దారి మనుషులకు లేదు. మురికి గదిలో కాలుపెట్టినవాళ్లు అవతలికి రావాలంటే మధ్యలో ఉన్న స్నానాల గదిలో తల మీంచి నీళ్లు పోసుకుని, బట్టలు మార్చుకుని రావాల్సిందే. మేనేజరైనా అంతే, మంత్రి అయినా అంతే.

శుభ్రం వైపున దుప్పట్లకున్న ఒకే ఒక్క వేడి రోలర్ల మిషను వాటిని ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, నాలుక చాపినట్టు బయటికి చాపుతుంది. దాని ముందు ఇద్దరు ఆడవాళ్లు. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి నడుస్తారు, ఒక్క విదిలింపు విదిలిస్తారు, మళ్లీ ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలుపుతారు. చూసేవాళ్లకు, ఇద్దరూ తగువుకు దిగి అంతలోనే రాజీపడుతున్నట్టు ఉంటుంది. చిటపట, మొండి విషయంలో అది నిజం కూడా. జుట్టు నల్లగా ఉన్ననాటినుంచి ఒకే మిషను ముందు ఎదురెదురుగా నిలబడి, దూరం వెళ్లినప్పుడు ఒకరు అంటే దగ్గరికొచ్చినప్పుడు రెండోవారు తిరిగి అంటూ, దుప్పటికో మాట చొప్పున పోట్లాడుకుంటూనే ఉన్నారు.

"నీ అల్లుడు మళ్లీ ఉద్యోగం మానేశాడటగా."

"మానేశాడు. నీ మొగుడు మళ్లీ బస్సు గోడకు కొట్టాడటగా."

"గోడే అడ్డమొచ్చింది."

"అవును, గోడలకు బుద్ధి లేదు."

ఇద్దరిలో ఏ ఒక్కరు నోరు మూసుకున్నా మడత వంకరపోయేది. వయసులో చిన్నదీ, ఎవరేమన్నా "సరే అక్కా" అనేదీ అయిన పక్క తువ్వాళ్ల మిషను వెన్నముద్ద, ఒకసారి వాళ్లకు రాజీ చెయ్యబోయి ఇద్దరిచేతా చీవాట్లు తిని వెనక్కి పోయింది.

ఆ లాండ్రీలో ఏది చేసినా జంటగానే. టీ జంటగా, సెలవు జంటగా. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్లు ఊరికే కూర్చోవాల్సి వస్తుంది గనక, అందరికన్నా ముందు జంటమనిషికే జ్వరం సంగతి తెలిసిపోతుంది. అందుకే ప్రశ్నల కాగితాలు వచ్చిననాడు, బయటివాళ్లెవరికీ తట్టని పని ఒకటి అక్కడ అందరూ ఏమాత్రం ఆలోచించకుండా చేశారు. "నాకు చిన్న విషయాలకే చిరాకు వస్తుంది" అని మొదటి వాక్యం. ఎదురుగా అయిదు గళ్లు, 'అస్సలు కాదు' మొదలుకుని 'చాలా అవును' దాకా. చిటపట పెన్ను తెరిచింది.

"ఇలా తే," అంది మొండి.

"నా గురించి అడిగారు."

"నీ వీపు నీకు కనపడుతుందా? నాకు కనపడుతుంది. ఇలా తే."

న్యాయంగానే తోచింది. కాగితాలు మార్చుకున్నారు. చుట్టుపక్కల జంటలన్నీ అదే పని చేశాయి. "ఒకసారి అనుకుంటే ఎవరి మాటా వినను" అన్నచోట చిటపట కూడా మొండి పేరన 'చాలా అవును' గడిని కాగితం చిరిగేలా నింపింది.

మనిషిని కొలవాలన్న తాపత్రయం ఇవాళ్టిది కాదు. వెనకటికి పుర్రె మీది బొడిపెలు తడిమి ఇతను దొంగ, ఇతను దాత అని తేల్చిన పెద్దమనుషులున్నారు. ఒంట్లోని నాలుగు రకాల ద్రవాల్లో ఏది పొంగితే ఆ బుద్ధి అన్నారు కొందరు, చేతిరాత చూసి పెళ్లిళ్లు చెడగొట్టారు ఇంకొందరు. ఆ దుకాణాలన్నీ మూతపడ్డాయి. కానీ ఏ శాస్త్రమూ చదవని ముసలమ్మలు మాత్రం పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదని అంటూనే ఉన్నారు, వాళ్ల దుకాణం ఇంకా నడుస్తూనే ఉంది.

చిటపట విషయంలో ఆ ముసలమ్మ వాళ్ల అమ్మే. "కడుపులో ఉండగానే తన్ని లేపేది, ఇటు తిరిగి పడుకుంటే దానికి గిట్టేది కాదు," అని చెప్పుకునేది. ఆ పేరు పెట్టింది కూడా ఆవిడే. కాగిన నూనెలో నీటిచుక్క పడితే వచ్చే చప్పుడు. బడిలో ఒకరు చేసిన తప్పుకు అందరినీ నిలబెడితే, తను మాత్రం కూర్చుని, దానికి వేరే శిక్ష పడితే దానికీ దెబ్బలాడింది. మొదటి ఉద్యోగం బట్టల కొట్టులో. ఒకావిడ బీరువాల్లోవన్నీ దింపించి, చీరలన్నీ విప్పించి, "నచ్చలేదు" అని లేచింది. "సరేనమ్మా, మడతపెట్టి వెళ్లండి," అంది చిటపట. సాయంత్రానికి ఉద్యోగం లేదు.

ఆ తరువాత వాళ్లమ్మ ఈ ఆసుపత్రిలోనే మంచాన పడింది. ఒకరోజు పొద్దున తడిసిన దుప్పటి మధ్యాహ్నమైనా మార్చలేదు. అడిగితే పైనుంచి రాలేదన్నారు, పైన అడిగితే కిందనుంచి రాలేదన్నారు. చిటపట మెట్లన్నీ దిగి నేలమాళిగకు వెళ్లి, అప్పట్లో లాండ్రీ చూసుకునే పెద్దాయన ముందు నిలబడి, పేరుపేరునా అందరినీ ఉతికి ఆరేసింది. ఆయన చెవి ఒగ్గి అంతా విని, శుభ్రమైన దుప్పటి ఒకటి చేతికిచ్చి, "ఇంత కోపం ఊరికే పోనివ్వడమెందుకు? రేపటినుంచి ఇక్కడికొచ్చి చూపించు," అన్నాడు. అదీ ఆమెకు ఉద్యోగమిచ్చిన అర్హత. ఇప్పుడు అదే అర్హత చూపించి ఆ స్థానంలోంచి లేపేశారు.

లేపినవాడు కొత్త మేనేజరు. చొక్కా మీద ఎప్పుడూ ఒక్క ముడత ఉండదు గనక ఇస్త్రీ సారు. మంచివాడే. మంచివాళ్లకు గీతలు గీసిన పటాలంటే ప్రాణం, అదే ఇబ్బంది. బదిలీ గురించి అడగబోతే గోడకేసి చూపించాడు.

"నా మాట కాదమ్మా. శాస్త్రం చెప్పింది. మీ కోపం ఎక్కువ, ఆవిడకు మొండితనం ఎక్కువ. అలాంటివాళ్లను ఎదురెదురుగా పెడితే ఏనాటికైనా ప్రమాదం."

"ఏనాటికో సంగతి సరే సార్. ఇన్నేళ్లలో మేం మడిచిన దుప్పట్లలో ఒకటి వంకరగా ఉంటే చూపించండి."

"ఇలా గొంతు పెంచుతారనే కాగితంలో వచ్చింది."

కోపిష్టివి అన్నవాడి మీద కోపగించుకుంటే వాడు చెప్పింది రుజువైనట్టే, ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. ఇలాంటి ఉచ్చు వేటగాళ్లకు కూడా తెలియదు. చిటపట పళ్లు బిగించి మురికి గదిలోకి వెళ్లింది.

అక్కడ ఆమె ఒక్కతే. పైనుంచి గొట్టంలో మూటలు దబ్బున పడతాయి. చేతులకు మోచేతులదాకా తొడుగులు వేసుకుని మూటలు విప్పి బండ్లలోకి వేరు చెయ్యాలి. నెత్తురు ఒక బండి, వాంతులు ఒక బండి, పిల్లల వార్డు ఒక బండి, మామూలు మురికి ఒక బండి, చిరిగినవి ఒక బండి. తిట్టడానికి ఎదురుగా మనిషి లేదు. దుప్పట్లను తిట్టి చూసింది. తిరిగి అనవు గనక రుచి పుట్టలేదు.

ఇంట్లో చెప్పుకుంటే గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. బస్సు డ్రైవరైన మొగుడు అన్నం కలుపుకుంటూ, "తప్పేం రాశారే? నీకు కోపం లేదా?" అన్నాడు.

"ఉంది. లేదని నేనన్నానా?"

"మరి?"

"నీకు గురక ఉంది. అందుకని నిన్ను బస్సు దింపేశారా?"

కాలేజీలో చదువుతున్న కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మా, నాన్న బస్సులో నిద్రపోడుగా. నువ్వు పనిలో కూడా అరుస్తావు."

"అరుస్తాను. అరుస్తూ పని చేస్తాను. అరుపు కొలిచారు, పని ఎవరు కొలిచారే?"

ఇంట్లో ఇద్దరూ, పనిలో మొండి, గోడ మీద కాగితం, బతికున్నంతకాలం వాళ్లమ్మ, అందరిదీ ఒకటే మాట. ఇంతమంది విడివిడిగా చూసి ఒకటే చెబుతున్నారంటే అది కట్టుకథ కాదని ఆమెకూ తెలుసు. అదే ఎక్కువ మండించింది. అబద్ధమైతే దులుపుకుని పోవచ్చు. నిజాన్ని పట్టుకుని అన్యాయం చేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

ఆ ప్రశ్నలు తెచ్చిన అమ్మాయిని లాండ్రీలో కొలతలమ్మ అనేవాళ్లు. మనస్తత్వశాస్త్రం చదువుకుంది, పుస్తకాల సంచీ భుజం దిగదు. ఆమె మళ్లీ వచ్చినరోజున చిటపట మురికి గది గడప దాటకుండా, లోపలినుంచే పిలిచింది.

"ఏమమ్మాయ్, నా కోపం కొలిచింది నువ్వేనా?"

"మీరెవరండీ?"

"గోడ మీద అందరికన్నా పొడుగుంది చూడు, అది నేనే."

కొలతలమ్మ గడప బయటే ఆగింది. పారిపోలేదు. "కూర్చోమనరా?" అంది.

"కూర్చుంటే స్నానం చెయ్యాలి. నిలబడే చెప్పు. కోపానికి మీటరేమిటి?"

"మీటరు కాదండీ. నిఘంటువుల్లో మనిషి స్వభావానికున్న మాటలన్నీ ఏరారు. పిరికి, దుడుకు, పొదుపరి, వాగుడుకాయ, అన్నీ. ఏది ఉన్నవాళ్లలో ఏది ఉంటోందో వేలమందిని అడిగి లెక్కగట్టారు. చివరికి అయిదు కుప్పలు తేలాయి."

చిటపట వెనక్కి తిరిగి తన అయిదు బండ్లనూ చూసింది. "బానే ఉంది. తరవాత?"

"ఒక్కరోజు చూసి చెప్పేది కాదిది. ఏడాది పొడుగునా మొత్తం మీద ఎలా ఉంటారన్నది. ఎండాకాలంలో ఒకరోజు వాన పడితే వానాకాలం అనం కదా."

"సరే, ఎండాకాలాన్నే నేను. ఎండాకాలం జంట పనికి తగదని నీ కుప్పల్లో ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు." ఆ అమ్మాయి గొంతులోనూ సెగ తగిలింది. "వెయ్యిమందిని కలిపి చూస్తే ఎలాంటివాళ్లు ఎక్కడ ఎక్కువగా కుదురుకుంటారో చెప్పగలనుగానీ, ఫలానా మనిషి ఫలానా మనిషితో పడుతుందా పడదా అన్నది దీన్నిబట్టి తేల్చకూడదని మొదటి పేజీలోనే రాశాను. ఆ పేజీ మీ సారు తిప్పేశారు. బొమ్మలు చూశారు. ఎర్రది ఒక్కటే చూశారు. మీ పచ్చకడ్డీ ఎవరైనా చూశారా? పని మీద శ్రద్ధ. ఈ లాండ్రీలో అంత ఎత్తు ఇంకెవరిదీ లేదు."

"చదవనివాడి చేతికి ఎందుకిచ్చావు?"

కొలతలమ్మ సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. చిటపట నెమ్మదిగా అడిగింది. "పచ్చకడ్డీ కూడా మొండే పెట్టిందా?"

"మొండి ఎవరు? ఆవిడ పెట్టడమేంటి?"

అప్పుడు బయటపడింది, కాగితాలు మార్చుకున్న సంగతి. ఒక్క జంట కూడా మిగలకుండా. కొలతలమ్మ తల గోడకానించి కళ్లు మూసుకుంది. "అదీ సంగతి. మామూలుగా ఎవరి గురించి వాళ్లు రాసుకుంటే మచ్చలు కనపడకుండా కాస్త సున్నం కొట్టుకుంటారు. మీవాటికి సున్నం లేదేంటా అని రెండువారాలు బుర్ర బద్దలుకొట్టుకున్నా."

"అయితే మా కాగితాలు చెల్లవు."

"పద్ధతి ప్రకారం చెల్లవు. కానీ అండీ, పక్కన పనిచేసేవాళ్లు చెప్పేది చాలాసార్లు మన మాటకన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది."

"అంటే నేను నిజంగానే అంత కోపిష్టినా?"

"అవునండీ."

"నీకూ మొండికీ తేడా లేదు పో."

మళ్లీ పరీక్ష పెట్టడానికి ఇస్త్రీ సారు ఒప్పుకున్నాడు. ఈసారి ఎవరిది వాళ్లు నింపాలి, దానికి తోడు జంటమనిషి గురించి విడిగా ఇంకో కాగితం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎర్రకడ్డీ దిగితే పాతచోటికి పంపుతానని సారు మాట ఇచ్చాడు. చిటపటకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం బస్టాపులో మొండిని పట్టుకుంది.

"నాకు కోపం లేదని పెట్టు."

"పెట్టను."

"ఏం?"

"ఉంది కాబట్టి."

"ఒక్క గడే. నీ సొమ్మేం పోయింది? నీకు మొండితనం లేదని నేనూ పెడతా."

"నీ ఇష్టం. నేను పెట్టను."

"పెడితేనేగా మళ్లీ నీ ఎదురుగా నిలబడేది."

"కోపం లేనిది వచ్చి నిలబడితే నాకెందుకు? వెన్నముద్ద ఉందిగా, పొద్దున్నుంచీ నిలబడే ఉంది. ఏమన్నా 'సరే అక్కా' అంటుంది. నాకు తలనొప్పి వస్తోంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బస్టాపులో జనమంతా తిరిగి చూసేలా తిట్టి, చిటపట వేరే బస్సెక్కింది. తన కాగితం మాత్రం తనే నింపుకుంది. మొదట్లో అన్నిటికీ 'అస్సలు కాదు' గడి. మధ్యలో "నన్ను ఎవరూ సులువుగా రెచ్చగొట్టలేరు" అన్న వాక్యం వచ్చేసరికి బస్టాపు గుర్తొచ్చింది. పెన్ను కాగితంలోంచి దూసుకుపోయి బల్ల మీద గీత పెట్టింది. ఆ కోపంలో పైవన్నీ కొట్టేసి ఉన్నదున్నట్టు పెట్టేసింది.

గోడ మీదికి కొత్త పటం వచ్చింది. ఎర్రకడ్డీ ఎక్కడిది అక్కడే ఉంది, వెంట్రుకవాసి అటూ ఇటూ.

"రెండోసారీ అదే వచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలి?" అన్నాడు ఇస్త్రీ సారు.

మర్నాడు పొద్దున మిషను మొదటి దుప్పటిని చాపింది. మొండి తనవైపు రెండు కొసలూ పట్టుకుంది. వెన్నముద్ద ఎదురుగా వచ్చి చేతులు చాపింది.

"నువ్వు కాదు," అంది మొండి.

"సరే అక్కా," అని వెన్నముద్ద పక్కకు జరిగింది.

మొండి అలాగే నిలబడింది. దుప్పటి మీద దుప్పటి వచ్చి పడింది. మిషను ఆపేశారు. ఇస్త్రీ సారు దిగి వచ్చాడు. బతిమాలాడు, చట్టం చెప్పాడు, చివరికి గొంతు పెంచాడు.

"ఎంతసేపు నిలబడతారిలా?"

"నాకేం తెలుసు సార్. కాగితంలో చూడండి."

నిజంగానే వెళ్లి చూశాడు. ఎర్రకడ్డీల పక్కన మొండిది మరో రంగు కడ్డీ పటం పైగీత దాకా ఉంది. మొన్ననుంచీ అతని కళ్లెదుటే ఉంది. ఒకసారి అనుకుంటే కదలని మనిషి ఇది అని అచ్చువేసి మరీ చెబుతూనే ఉంది. అది కూడా ఒక కొలతేనని అతనికి అప్పటిదాకా తోచలేదు.

ఇవతల మురికి గదిలో గోడ ఫోను మోగింది. పైవార్డు సిస్టరమ్మ.

"దుప్పట్లేవి? ఆపరేషనైనవాళ్లను స్ట్రెచర్ల మీదే పడుకోబెట్టాం. ఒక ముసలావిడ కింద తడిసిపోయి ఉంది, మార్చడానికి ఒక్కటి లేదిక్కడ."

చిటపట ఫోను పెట్టి ఖాళీ మెషీను దగ్గరికి పోయి వంగింది. రెండు గుండ్రటి అద్దాల్లోంచి అవతల మొండి కనిపించింది, గుడ్డలారేసే గుంజలా, చేతుల్లో రెండు కొసలతో. సంగతేమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. మొండి మీద, సారు మీద, పటం మీద, అన్నిటికన్నా ఎక్కువగా ఆ తడిసిన దుప్పటి మీద.

నీళ్లు పోసుకోకుండా స్నానాల గది తలుపులు తోసుకుని నాలుగు అంగల్లో అవతల పడొచ్చు. అంత కోపంలో ఎవరైనా అదే చేస్తారు. చిటపట స్నానాల గదిలో ఆగింది. తొడుగులు విప్పింది, జుట్టు విప్పింది, తల మీంచి నీళ్లు వదిలింది. సబ్బుతో మోచేతులు, మెడ, గోళ్ల సందులు, రోజూ ఎలా తోముకుంటుందో అలాగే తోముకుంది. అవతల లాండ్రీ అంతా పని ఆపి, నీళ్ల చప్పుడూ దానిలో కలిసి వస్తున్న తిట్లూ వింటూ నిలబడింది. నీళ్లు ఆగాయి. తిట్లు ఆగలేదు. ఉతికిన బట్టలు కట్టుకుని, తడిజుట్టు ముడేసుకుని తలుపు తీసింది.

గుమ్మంలో ఇస్త్రీ సారు. "మీరిటు రాకూడదు."

"స్నానం చేశాను సార్."

"అది కాదు, పటం ప్రకారం..."

"పటం మీద పడుకోబెడతారా ఆ ముసలమ్మని? తప్పుకోండి."

తప్పుకున్నాడు. నీళ్లు కారుతున్న జుట్టు చొక్కాకు తగులుతుందనేమో. ఆమె నేరుగా మిషను దగ్గరికి పోయి మొండి ఎదురుగా నిలబడింది.

"మనుషులు పైన తడిలో పడుంటే గుంజలా నిలబడ్డావేమే? సిగ్గులేదూ?"

"నీ కోసం కాదు. నాకు మడత కుదరలేదు."

"నోర్ముయ్. కొసలివ్వు."

వెన్నముద్ద ఎవరూ చెప్పకముందే మిషను నడిపింది. ఇద్దరూ వెనక్కి నడిచారు, విదిలించారు, ముందుకొచ్చారు. మొదటి దొంతర పైకి వెళ్లేదాకా చిటపట దుప్పటికో తిట్టు విసురుతూనే ఉంది. దొంతర లిఫ్టులోకి ఎక్కాక ఇస్త్రీ సారు గొంతు సవరించుకుని, "ఈ ఒక్కరోజుకే," అన్నాడు.

"రేపటి సంగతి రేపు తిడతాను సార్," అంది చిటపట, అతనివైపు చూడకుండానే. తరవాత మొండివైపు తిరిగింది. "అంతా నీ వల్లే. ఒక్క గడిలో లేదని పెట్టి ఉంటే ఈ రామాయణమంతా ఉండేదా?"

"ఉందిగా మరి."

"ఉంది. అయితే?"

"అయితే ఏముంది, ఉందని పెట్టాను," అంటూ మొండి వెనక్కి నడిచింది.

దుప్పటి ఇద్దరి మధ్యా చప్పుడు చేస్తూ బిగిసింది.